మాలకొండయ్య గారు నవ్వలేదు

కిందటి నెల దుత్తలూరులో ఒక పెళ్ళికి వెళ్ళి తిరిగి వస్తూ, ఆత్మకూరు బస్టాండు ఎదుట ఉన్న మెస్సులో భోజనానికి ఆగాను. వంటింట్లో ఎవరో సంగటి కెలుకుతున్నారు. తెడ్డు గిన్నె అడుగుకు తగిలినప్పుడల్లా లేచే ఆ మొద్దు చప్పుడూ, ఉడుకుతున్న రాగిపిండి వాసనా కలిసి వచ్చి తగిలేసరికి నా చెయ్యి విస్తరి మీదే ఆగిపోయింది. గోడ మీది టీవీలో ఆ రోజు పొద్దుటి నుంచీ ఒకటే వార్త. సినీ దర్శకుడు మాలకొండయ్య గారు మద్రాసులో కన్నుమూశారు. ఆయన తీసిన సినిమాల్లోంచి నాలుగైదు ముక్కలు చూపించారు. వాటి తర్వాత, ఆయన ఒకప్పుడు టీవీలో నడిపిన ముఖాముఖి కార్యక్రమం లోంచి ఒక పాత ముక్క వేశారు. ఒక ముసలామె తన కొడుకు చావు గురించి చెబుతూ ఉంటుంది. మధ్యలో ఎదురుగా కూర్చున్న మాలకొండయ్య గారి ముఖం కనిపిస్తుంది. ఆ ముఖంలో నవ్వు ఉంటుంది. నాలుగు సెకన్లు.

పక్క బల్ల దగ్గర ఇద్దరు తింటున్నారు.

“ఈయన మన ఉదయగిరి పక్కోడే గదా?” అన్నాడు ఒకతను.

“మనోడైతే మాత్రం? బిడ్డ పోయిన తల్లి చెప్తా ఉంటే ఎట్టా నవ్వుతుండాడో చూడు. పేరొచ్చిన పొగరు” అన్నాడు రెండో అతను, మజ్జిగ పోసుకుంటూ.

ఆ తల్లి కొడుకు చావు గురించి చెబుతున్నప్పుడు మాలకొండయ్య గారు నవ్వలేదు. ఆ నవ్వును అక్కడ అతికించింది నేను. ఆ మాట అప్పుడే లేచి ఆ ఇద్దరికీ చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. చెయ్యి కడుక్కుని బయటికి వచ్చేశాను. చెప్పవలసిన చోట చెప్పకుండా లేచి వచ్చెయ్యడం నాకు కొత్త కాదు. అందుకే ఇది కాగితం మీద పెడుతున్నాను. ఆయన్ని ఎన్నడూ చూడనివాళ్ళు ఆయన్ని ఆ నాలుగు సెకన్లతో గుర్తుపెట్టుకుంటున్నారు. ఆయన ఎలాంటి మనిషో, ఆ రోజు ఏం జరిగిందో చెప్పగలిగినవాళ్ళలో బహుశా నేనొక్కణ్ణే మిగిలాను.

ఇది తొంభైల చివరి మాట. ఊరూరా కేబుల్ తీగలు మేడల మీదుగా పాకుతున్న కాలం. హైదరాబాదులో కొత్తగా పెట్టిన ఒక చానల్లో నేను పనిచేసేవాణ్ణి. కార్యక్రమం తీయించడం, తర్వాత దాన్ని ఎడిట్ చేయడం రెండూ నా పనే. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. మాలకొండయ్య గారికి అరవై దగ్గర పడుతున్నాయి. ఆయనది ఉదయగిరికీ దుత్తలూరుకీ మధ్య ఒక చిన్న పల్లె. ఉదయగిరి మిషన్ బడిలో చదువుకుని, మద్రాసు వెళ్ళి, ముప్ఫై ఏళ్ళు సినిమాలు తీశారు. ఆయన సినిమా ఒకదానిలో, పట్నం నుంచి వచ్చిన కొడుకు నిద్రపోతుంటే తండ్రి వాడి చెప్పులు తుడిచి గడప పక్కన పెడతాడు. అందులో ఒక్క మాట లేదు. ఆ సినిమాను చిన్నప్పుడు ఆత్మకూరు హాల్లో నేల టిక్కెట్టులో కూర్చుని చూశాను. అంతవరకూ ఈలలు వేస్తున్నవాళ్ళు కూడా ఆ కాసేపూ నోరెత్తలేదు. మాటలు లేకుండా అంతమందిని కూర్చోబెట్టిన మనిషి ఎలా ఉంటాడో చూడాలని అప్పటి నుంచీ నాకు కోరిక.

చానల్‌కు ఆయన కావాలి. పెద్ద పేరు కదా. మా మేనేజరు గారు సోఫా, రంగు దీపాలు, వారానికొక సినిమా తార అని పథకం వేసుకుని కూర్చున్నారు. మాలకొండయ్య గారు అంతా విని అన్నారు: “సినిమా వాళ్ళని ముప్ఫై ఏళ్ళుగా చూస్తా ఉండాను. వాళ్ళ నోట్లో మాటలు నేనే పెట్టినాను. ఇప్పుడు మళ్ళా వాళ్ళనే కూర్చోబెట్టి, నేను రాసిన మాటలు నాకే చెప్పమనాలా?”

ఆయన షరతు ఒక్కటే. ఉదయగిరిలోనూ ఆత్మకూరులోనూ మామూలు మనుషుల దగ్గరికి వెళ్ళి, వాళ్ళ వాకిట్లోనే కూర్చుని మాట్లాడాలి. పేరు కూడా ఆయనే పెట్టారు, ‘కాసేపు కూర్చుందాం’ అని. మేనేజరు గారికి ఇష్టం లేకపోయినా పేరు కోసం ఒప్పుకున్నారు. “మీ ఊరి వైపు ఆయనే కదయ్యా, నువ్వే చూసుకో. పదమూడు వారాలు” అని నాకు అప్పజెప్పారు.

బయటికి రాగానే మాలకొండయ్య గారు నన్ను ఎగాదిగా చూశారు. “ఆత్మకూరంటనే? ఎవురి కొడుకువురా నువ్వు?”

“బస్టాండు దగ్గర టైలరు సుబ్బరాయుడి కొడుకునండీ. కేశవులు.”

“ఓరోరి! మీ నాయన నాకు నిక్కరు కుట్టినాడ్రా. అప్పుడింకా ఆయనకే మీసాలు రాలా. జేబులు పెట్టడం మరిచిపోయినాడు. ఏందన్నా జేబులేవి అంటే, నీ కాడ ఏముండాదిరా ఆట్లో పెట్టుకునేదానికి అన్నాడు.” ఆఫీసు మెట్ల మీద నిలబడి కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వారు. ఆయన నవ్వితే ముఖమంతా నవ్వేది. ఆ నవ్వే తర్వాత నా చేతిలో పడింది.

మొదటి షూటింగు ఉదయగిరిలో, కొండ కింద, కొయ్య చెంచాలు చెక్కే మస్తాన్ సాయిబు పంచలో. మేము వేసిన కుర్చీని పక్కకు జరిపి, మాలకొండయ్య గారు నేల మీద కొయ్య పేళ్ళ మధ్య కూర్చున్నారు. వయసు, పిల్లలు, పని ఎలా ఉంది లాంటివి అడగలేదు. కాసేపు చెంచాలు చేతిలోకి తీసుకుని చూసి, “మస్తానూ, నువ్వు చెక్కిన మొట్టమొదటి చెంచా ఎవురికిచ్చినావు?” అన్నారు.

మస్తాన్ తల వంచుకున్నాడు. మాట లేదు. అర నిమిషం అయింది. కెమెరామన్ నా వైపు చూశాడు. నేను వాచీ చూసుకున్నాను. మాలకొండయ్య గారు మాత్రం కదల్లేదు. మనం ఎవరి జవాబు కోసమైనా ఎదురుచూస్తే అందులో ఒక తోపుడు ఉంటుంది, ‘చెప్పు, చెప్పు’ అని. ఆయన ఎదురుచూపులో అది లేదు. వాన వెలిసేదాకా చూరు కింద నిలబడ్డ మనిషిలా ఉన్నారు. వెలుస్తుందని ఆయనకు తెలుసు. ఒక నిమిషం పది సెకన్లకు మస్తాన్ తలెత్తాడు.

“ఎవురికీ ఇయ్యలా సార్. ఇరగ్గొట్టి పొయ్యిలో పెట్టినాను.”

“ఎందుకని?”

“మా నాయన చెక్కిందానికంటే బాగొచ్చింది. చూస్తే చిన్నబుచ్చుకుంటాడని.” అని, పక్కనే గడప మీద ఉన్న భార్య వైపు చూసి, “ఈమెకు గూడా చెప్పలా ఇన్నాళ్ళూ” అన్నాడు. ఆమె పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.  ముప్ఫై ఏళ్ళు ఒకే కప్పు కింద ఉన్న మనిషికి చెప్పని మాటను, గంట క్రితం పరిచయమైన మనిషి ఒక్క ప్రశ్నతో, ఒక్క నిమిషం ఊరుకోవడంతో బయటికి తెచ్చాడు. ఇంతకంటే పెద్ద విద్య నేను చూడలేదు.

హైదరాబాదు తిరిగి వచ్చి ఆ నిమిషం పది సెకన్లనూ కోసేశాను.

మా చానల్లో నేర్పింది అదే. తెర మీద మూడు సెకన్లు మాట లేకపోతే ఇంట్లోవాడు చానల్ మారుస్తాడు. మరి కోసినప్పుడు ఒక చిక్కు ఉంటుంది. మాట్లాడేవాడి తల ఒక్కసారిగా ఎగిరినట్టు కనిపిస్తుంది. ఆ అతుకు తెలియకుండా అక్కడ అడిగేవాడి ముఖాన్ని రెండు మూడు సెకన్లు వేస్తాం. తల ఊపుతున్నదో, కళ్ళార్పుతున్నదో ఏదో ఒకటి. అది ఆ క్షణంలో తీసిందే కానక్కర్లేదు. టేపులో ఎక్కడ దొరికితే అక్కడి నుంచి తెచ్చుకుంటాం. మా పనిలో ఇది అందరూ చేసేదే. చూసేవాళ్ళకు ఎన్నడూ తెలియదు.

ఆదివారం ఉదయం ఆ మొదటి భాగం టీవీలో వస్తుంటే ఆత్మకూరు లాడ్జిలో మాలకొండయ్య గారి పక్కన కూర్చుని చూశాను. తర్వాతి షూటింగు కోసం అక్కడే దిగి ఉన్నాం. ప్రశ్న రాగానే జవాబు టకీమని వచ్చింది, బళ్ళో ఒప్పజెప్పిన పాఠంలాగా. మస్తాన్ ఎప్పుడూ చెప్పే హాస్యమేదో చెప్పినట్టు ఉంది. అయిపోయాక ఆయన నా వైపు తిరిగారు.

“ఆ నిమిషం ఏమైందిరా?”

“అంతసేపు ఖాళీగా ఉంటే చూడరు సార్.”

“ఖాళీగా ఎక్కడుండాది? వాళ్ళ నాయన్ని తలుచుకుంటా ఉండాడు గదరా ఆ నిమిషమంతా.” అంతే అన్నారు. కోపంగా కూడా కాదు. “సరే, టీవీ నాకు తెలియదు. నీ పని నీది. నేనొచ్చి నీ పక్కన కూర్చుంటే నీకు చెయ్యాడదు.” సినిమాల్లో ప్రతి అతుకూ దగ్గరుండి చూసుకునేవారని తర్వాత విన్నాను. నా పనిలో మాత్రం వేలు పెట్టలేదు. అది ఆయన నాకిచ్చిన గౌరవం. నేను దాన్ని సౌకర్యం అనుకున్నాను.

నాలుగు వారాలు గడిచాయి. కార్యక్రమం ఆడలేదు. ‘రేషను కార్డుకు వివరాలు రాసుకున్నట్టు అడుగుతున్నాడు’ అని ఒక వారపత్రిక రాసింది. నిజమే, టీవీలో అలాగే ఉంది. ఆయన మౌనాలన్నీ నా ఎడిటింగు గది నేల మీద పడి ఉంటే, మిగిలిన ప్రశ్నలు ఇంకెలా ఉంటాయి?

అయిదో వారం ఆత్మకూరులో దీవెనమ్మ. మిషన్ బడి హాస్టల్లో ఏళ్ళ తరబడి వంట చేసి మానుకున్న మనిషి. ఒక్కగానొక్క కొడుకు రత్నం బోరు లారీ మీద పనికి పోయి, ఎక్కడో పరాయి రాష్ట్రంలో, లారీ తిరగబడి చనిపోయాడు. అది జరిగి అప్పటికి ఆరేళ్ళు. ఊరి చివర పాలెంలో ఆమె ఇంటి అరుగు మీద, పొద్దున పది గంటలకు కూర్చున్నాం. ఆమెకు జంకు లేదు. చీరకు మైకు తగిలిస్తుంటే, “ఇదెందుకయ్యా? నన్ను గానీ కట్టేసి పోతారా ఏంది?” అంది. తర్వాత మాలకొండయ్య గారిని పట్టుకుంది.

“నువ్వేనా సినిమాలు తీసేది?”

“నేనేనమ్మా.”

“మరి చొక్కాకు గుండీ లేదే. అంతమంది ఆడోళ్ళను పెట్టి సినిమాలు తీస్తివి, గుండీ కుట్టేది ఒక్కతీ లేదా?”

ఆయన పగలబడి నవ్వారు. అప్పుడు కెమెరామన్ వెలుతురు సరిచూసుకుంటూ కెమెరాను తిప్పుతున్నాడు. ఆ నవ్వు టేపు మొదట్లో పడింది.

తర్వాత పావుగంట హాస్టల్ పిల్లల గురించి మాట్లాడుకున్నారు. అప్పుడు ఆయన, “రత్నం కబురు వచ్చినప్పుడు నువ్వు ఏం చేస్తా ఉండావు దీవెనమ్మా?” అని అడిగారు. ఆమె దగ్గర మాట ఆగిపోయింది. రెండు నిమిషాలకు పైగా ఆగిపోయింది. జనమంతా కూలికి పోయిన ఆ పాలెంలో మేము తప్ప ఎవరూ లేరు. ఆయన అలాగే ఉన్నారు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని.

“సంగటి కెలుకుతా ఉండాను” అంది ఆమె. “నలభైమంది పిల్లకాయలు. బడి ఇడిచే యాళ. పాస్టరుగారు వచ్చి వాకిట్లో నిలబడినాడు. ఆయన మొకం చూస్తానే తెలిసిపోయింది. చెప్పినాడు. ఇన్నాను. ఇని గూడా కెలకతానే ఉండాను. ఆపితే ఉండలు కట్టిపోద్ది గదా? ఆ పిల్లకాయలు ఏం తింటారు? దించి, మూత పెట్టి, అప్పుడు కూలబడినాను.” కాసేపు ఆగి, “రేపు దేవుడు అడుగుతాడు. బిడ్డ పోయినాడంటే ముందు సంగటి చూసుకున్నావేమే అని. ఆయనకు ఏం చెప్పాలో ఇప్పటికీ నాకు తోచలా” అంది.

ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఏడ్చింది మాలకొండయ్య గారు. కళ్ళజోడు తీసి, ముఖం గోడ వైపు తిప్పుకున్నారు. భుజాలు కదిలిపోతున్నాయి. దీవెనమ్మ ముందుకు వంగి ఆయన చెయ్యి పట్టుకుని, “ఊరుకో నాయనా, ఊరుకో” అంది. ఎవరు ఎవరిని ఓదారుస్తున్నారో చూస్తూ మేము అయిదుగురం కొయ్యబొమ్మల్లా నిలబడిపోయాం. ఒక కెమెరా ఆమె ముఖం మీద ఉంది. రెండోదాన్ని అరుగు ఇరుకై ఆయన వెనక పక్కగా పెట్టాం; మాట మొదలైన దగ్గర్నుంచీ దానికి ఆయన మెడ వెనక భాగం, చెవి తప్ప ఏమీ అందలేదు.

ఆ వారం టేపు శనివారం సాయంత్రంలోగా ప్రసారానికి పంపాలి. ఎప్పటిలాగే రెండు నిమిషాలనూ కోశాను. ‘ఊరుకో నాయనా’ అన్నదీ తీసేశాను. అడిగేవాడు ఏడిస్తే బాగుండదని మేనేజరు గారి మాట. ‘ఆ పిల్లకాయలు ఏం తింటారు’ అన్నదానికీ ‘దించి, మూత పెట్టి’ అన్నదానికీ మధ్య ఆమె ఒకసారి దగ్గింది. దాన్నీ కోశాను. అతుకు కనిపించింది. మూయడానికి ఆయన ముఖం కావాలి. టేపంతా వెతికాను. ఉన్నది మెడా, చెవీ. టేపు మొదట్లో మాత్రం ముఖం నిండుగా, వెలుతురులో, చక్కగా ఉంది. గుండీ మాటకు నవ్విన నవ్వు. దాని చివరి భాగం, నవ్వు తగ్గుతున్న చోట, నాలుగు సెకన్లు తీసుకున్నాను. జాలిగా చూస్తున్నట్టు ఉంటుందిలే అనుకున్నాను.

పంపే ముందు ఒకసారి పూర్తిగా చూడాలి. చూశాను. ఆ చోటికి రాగానే తెలిసిపోయింది. అది జాలిగా చూడటం కాదు, నవ్వడమే. మార్చడం పది నిమిషాల పని. ఆమె చేతులు వేసినా సరిపోయేది. కానీ టేపు తీసుకెళ్ళే మనిషి తలుపు దగ్గర హెల్మెట్ పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ‘నాలుగు సెకన్లే కదా, ఎవరు చూస్తారు’ అనుకుని టేపు డబ్బాలో పెట్టి అతనికి ఇచ్చాను.

అందరూ చూశారు. ఆత్మకూరులో పాస్టరు గారింట్లో పాలెమంతా కూర్చుని చూసిందట. సోమవారం ఆఫీసుకు ఫోన్లు. ఆ వారంలో ఉత్తరాలు. ఒక పత్రిక ఆ నవ్వును బొమ్మగా వేసి, పక్కన దీవెనమ్మ మాటలు అచ్చువేసింది. మేనేజరు గారు మమ్మల్నిద్దరినీ పిలిపించి టేపు వేశారు. ఆ నాలుగు సెకన్లు రాగానే మాలకొండయ్య గారి ముఖం నేను చూడలేకపోయాను. ఆయన ఎడిటింగు ఎరిగిన మనిషి. ఆ చొక్కా మడత, ఆ వెలుతురు చూస్తేనే అది ఎప్పటి నవ్వో ఆయనకు తెలుస్తుంది.

“ఏంటండీ ఇది? అలాంటి సమయంలో ఎలా నవ్వారు?” అన్నారు మేనేజరు గారు.

నేను మాలకొండయ్య గారి కుర్చీకి రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.  ఆయన నా వైపు తిరగలేదు. తిరిగి ఉంటే అక్కడే చెప్పేసేవాడినని ఎన్నోసార్లు అనుకున్నాను. అది కూడా నన్ను నేను సముదాయించుకోవడమే.

“కార్యక్రమం నా పేరు మీదనే నడుస్తా ఉండాది గదా” అన్నారు ఆయన. “మంచి వస్తే నా పేరు, చెడు వస్తే ఇంకొకరి పేరా? ఆపేద్దాం లెండి.”

అంతే. ఒక్క అబద్ధం ఆడలేదు. ఒక్కరి పేరూ ఎత్తలేదు. పదమూడు వారాలనుకున్నది అయిదు వారాలతో ముగిసింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ మర్నాడు క్యాంటీనులో ఒక పత్రికాయన, “అసలేం జరిగిందండీ?” అని అడిగాడు. “సినిమా వాళ్ళకు యాక్షన్ చెప్పడం తెలుసు, కట్ చెప్పడం తెలుసు. మనిషితో మాట్లాడటం తెలియదు” అన్నాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అది నా పేరు లేకుండా అచ్చయింది. ఆ తర్వాత ఆ కార్యక్రమం ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా జనం ఆ మాటే వాడారు. ఆయన పోయినరోజు కూడా ఎవరో వాడారు. అది నా మాట.

కార్యక్రమం ఆపేసిన వారంలోనే ఆయన నాకు ఫోన్ చేసి, “ఆత్మకూరు పోతా ఉండాను. వస్తావా?” అన్నారు. ఎందుకని అడగడానికి ధైర్యం లేక వెళ్ళాను. పాలెంలోకి మేము అడుగుపెట్టగానే జనం గుమిగూడారు. ఆయన దీవెనమ్మ అరుగు ముందు నిలబడి చేతులు జోడించారు.

“టీవీలో వచ్చింది చూసి నీకు కష్టం కలిగి ఉంటాది. నన్ను మన్నించమ్మా.”

“నువ్వెందుకయ్యా దండాలు పెట్టేది?” అంది దీవెనమ్మ. “నువ్వు ఏడిస్తివి గదా. ఊరుకోమని నేనే గదా అన్నింది. ఆ టీవీలో నవ్వినోడెవుడో నాకు తెలవదు.”

ఆమె చెల్లెలి కొడుకు ప్రసాదు ముందుకు వచ్చాడు. మనిషి ఉడికిపోతున్నాడు. “పెద్దమ్మా, నువ్వు బాధలో ఉండావు. నీకేం కనపడి ఉంటాది? మేమంతా టీవీలో చక్కగా చూసినాం గదా!”

“నేను ఈడ కూర్చోని ఉండానురా. నువ్వు యాడ కూర్చోని ఉండావు?”

ఎవరో కిసుక్కున నవ్వారు. అయినా ఆమెను ఒక్కరూ నమ్మలేదు. కళ్ళెదుట చూసిన మనిషి మాటకంటే పెట్టెలో చూసిన బొమ్మ అందరికీ గట్టి సాక్ష్యమైపోయింది. ఆమె చుట్టూ చూసి నన్ను గుర్తుపట్టింది. “ఈ అబ్బయ్య గూడా ఉండాడు గదా ఆ పొద్దు. చెప్పు నాయనా, ఈయన ఏడ్చింది నువ్వు చూడలా?”

పాలెమంతా నా వైపు తిరిగింది. మాలకొండయ్య గారు మాత్రం నేల చూస్తున్నారు.

“నేను కెమెరాల దగ్గర ఉన్నానమ్మా. సరిగ్గా చూడలేదు” అన్నాను.

ఆమె నన్ను చూసిన చూపులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. ఆయన వెంటనే, “పోనీలేమ్మా, ఆ అబ్బాయికి నూరు పనులు” అని, వెళ్ళి అరుగు మీద ఆమె పక్కన కూర్చున్నారు. మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయని అడిగారు. అరగంట కూర్చుని ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి లేచారు. దారి పొడుగునా నాతో మామూలుగానే మాట్లాడారు. నేను అటువంటి మనిషిని అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. తనను ముంచినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, వాడి పరువు కూడా తనే కాపాడుతూ వస్తున్నారు.

మరుసటి ఏడు ఆయన ఉదయగిరిలో ఒక ఇల్లు తీసుకుని కొత్త సినిమా రాసుకుంటున్నారని తెలిసింది. ఈసారి చెప్పేద్దామనే బయలుదేరాను. వింజమూరు నుంచి బస్సులో నిలబడి, చెప్పవలసిన మాటలు వరసగా పేర్చుకుంటూ వెళ్ళాను. ఆయన వసారాలో కాగితాల మధ్య ఉన్నారు. నన్ను చూసి, “రారా ఆత్మకూరు! మీ నాయన ఎట్టుండాడు? ఇప్పుడన్నా జేబులు పెడతా ఉండాడా?” అన్నారు. కాఫీ తెప్పించారు. అదీ ఇదీ మాట్లాడాక, కలం కింద పెట్టి అడిగారు.

“కేశవా, ఆ టేపు పంపే ముందర ఒకసారి చూసినావా?”

నేను చెప్పడానికి వచ్చింది సరిగ్గా అదే. ఆయన దాన్ని తీసుకొచ్చి నా చేతికి అందేంత దగ్గరలో పెట్టారు.

“లేదు సార్. టైము చాల్లేదు” అన్నాను.

ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఊరికే ఉన్నారు. నాకు ఆ ఊరుకోవడం తెలుసు. వాచీ పెట్టి ఎన్నోసార్లు కొలిచాను. ఎన్నోసార్లు కోసి పారేశాను. మస్తాన్ ముందు, దీవెనమ్మ ముందు ఎలా ఉన్నారో నా ముందూ అలాగే ఉన్నారు. నిందించడం లేదు, తొందరపెట్టడం లేదు. నేను అబద్ధం ఆడానని తెలిసి కూడా, నిజం చెప్పడానికి నాకింకా చోటు ఉంచుతున్నారు. కొండ మీది నుంచి గాలి వచ్చి కాగితాలు రెపరెపలాడుతున్నా ఆయన చెయ్యి కదల్లేదు. నిమిషం దాటిందో, రెండు దాటాయో. ఇంకాసేపు కూర్చుంటే చెప్పేస్తానని నాకు అర్థమైంది. లేచాను.

“బస్సు టైమవుతోంది సార్.”

“సరేరా. పద, నేనూ వస్తాను” అని చెప్పులేసుకుని రోడ్డుదాకా వచ్చి, బస్సు వచ్చేవరకూ నిలబడ్డారు. ఆ తర్వాత నేను ఆయన్ని చూడలేదు.

షూటింగులో తీసిన అసలు టేపుల మీద చానల్ వాళ్ళు తర్వాత వంటల కార్యక్రమం తీశారు. కాబట్టి రుజువేమీ లేదు. నా మాట ఒక్కటే. దీవెనమ్మ పోయి చాలా ఏళ్ళయింది. మెస్సులోంచి లేచి వచ్చిన పది రోజులకు పాలెం వెళ్ళి ప్రసాదును వెతికి పట్టుకున్నాను. అతనికీ జుట్టు నెరిసింది. అరుగు మీద కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. విని చాలాసేపు మాట్లాడలేదు. ఈసారి నేను లేవలేదు.

“మా పెద్దమ్మ చచ్చేదాకా అదే చెప్పింది సార్, ఆయన ఏడ్చినాడని” అన్నాడు చివరికి. “ముసల్దానికి మతి పోయిందని మేమంతా ఎగతాళి చేసినాం. ఆమె ఉండంగా వచ్చి చెప్పకపోతివే?”

ఇప్పుడు నేను నెల్లూరులో కొద్దిమందికి ఎడిటింగు నేర్పుతున్నాను. ఒకరి ముఖాన్ని ఒక క్షణం నుంచి తీసి ఇంకో క్షణంలో పెట్టొద్దని చెబుతాను. ఎవరైనా నాతో మాట్లాడుతూ ఆగిపోతే నేనూ ఆగుతాను. ఆయన ఆగినంతసేపు ఆగడం నాకు ఇప్పటికీ చేతకాదు. కానీ ఆయన ఉదయగిరి వసారాలో మొదలుపెట్టిన ఆ ఎదురుచూపు మాత్రం నాతోనే ఉంది, ఇన్నేళ్ళుగా, ఒక్క క్షణం కూడా తెగకుండా.

చూశాను సార్. టేపు పంపే ముందు మొత్తం చూశాను. అది ఆ క్షణపు నవ్వు కాదని తెలిసే పంపాను.